ఎర్ర సంచి

"అక్కా, వాడు మళ్లీ ఆగాడు."

రాద్కా నీళ్లు తాగుతున్నట్టు నటిస్తూ గుసగుసగా అంది.

బ్లాన్కా వెనక్కి చూసింది. కింది మలుపులో గోధుమరంగు టోపీ పెట్టుకున్న పెద్దమనిషి. అక్కాచెల్లెళ్లు ఆగితే ఆగుతున్నాడు, కదిలితే కదులుతున్నాడు. కొండ విడిది దాటినప్పటి నుంచీ ఇదే వరస.

"అలిసిపోయాడేమోలే."

"అలిసిపోతే కూర్చోవాలి. నీ వీపు వైపు గుడ్లప్పగించి చూడ్డమెందుకు?"

తాత్రా కొండల్లో ఎదురుపడిన ప్రతివాళ్లూ పలకరించుకుంటారు. ఊళ్లో మొహం తిప్పుకుని పోయేవాళ్లు కూడా ఇక్కడ "దోబ్రీ దేన్" అనకుండా అడుగు వేయరు. పలకరించని మనిషిని కొండ మీద ఎవరూ నమ్మరు.

పట్టుకుని ఎక్కడానికి బండకు బిగించిన మొదటి గొలుసు దగ్గర ఆ మనిషి బాగా దగ్గరికి వచ్చాడు.

"దోబ్రీ దేన్!" అంది బ్లాన్కా.

జవాబు లేదు. పళ్లు బిగించి, రెండు చేతులా గొలుసు పట్టుకుని, ఆమె భుజాలకున్న ఎర్ర సంచినే చూస్తున్నాడు.

"చూశావా? సంచి మీదే కన్ను. ఏం పెట్టావే అందులో, బంగారమా?"

"అమ్మమ్మ చేసిన రొట్టె. కాస్త జున్ను."

"మరెందుకు గొర్రెలా వెంటపడ్డాడు!"

వినపడాలనే గట్టిగా అంది రాద్కా. ఇద్దరూ నవ్వుకుంటూ గబగబా పైకెక్కారు. అతనూ ఎక్కాడు.

కనుమ కనబడే చోటికి వచ్చేసరికి పడమటి శిఖరాల మీద మబ్బు దిగుతోంది. ఇప్పుడు నవ్వు రాలేదు.

"ఆ బండ వెనక్కి పోదాం. వాణ్ని ముందు పోనిద్దాం," అంది బ్లాన్కా.

రాళ్ల మీద రంగుతో వేసిన దారి గుర్తులు వదిలి పక్కకు తిరిగారు. రెండడుగులు వేశారో లేదో, బ్లాన్కా కాళ్ల కింద గులకరాళ్లు కదిలాయి.

జారింది.

ఎర్ర సంచి వీపు నుంచి ఊడి, బండలకు కొట్టుకుంటూ లోయలోకి పోయింది. దాని చప్పుడు చాలాసేపు వినిపించింది.

బ్లాన్కా అంచున వేలాడుతోంది. కాలి బొటనవేళ్లు ఆనేంత చోటు. చేతికి గుప్పెడు గడ్డి.

"అక్కా!"

గడ్డి వేళ్లతో సహా ఊడొస్తుండగా ఎవరిదో చెయ్యి ఆమె మణికట్టు పట్టుకుంది.

గోధుమరంగు టోపీ.

అతను బోర్లా పడుకుని ఉన్నాడు. కాళ్లు రాతి పగులులో ఇరికించాడు. తన సంచి పట్టీని ఒక రాతి కొమ్ముకూ, ఆమె చేతులకూ కలిపి చుట్టాడు. కళ్లు గట్టిగా మూసుకునే చుట్టాడు.

"ఫోన్ పలకడం లేదు!" ఏడుస్తోంది రాద్కా.

"విడిదికి పరిగెత్తు తల్లీ. అక్కను నేను పట్టుకుంటాను."

రాద్కా అడుగుల చప్పుడు దూరమైంది. వాన మొదలైంది.

"కిందికి చూడకు. నేనూ చూడను," అన్నాడతను. గొంతు వణికింది. చలికనుకుంది బ్లాన్కా.

"నన్ను వదిలేస్తారా?"

"వదలను. నువ్వు మాట్లాడుతూ ఉండు. ఆపకు."

"ఏం మాట్లాడాలి?"

"ఏదైనా. నన్ను గొర్రె అన్నారుగా, అక్కణ్నుంచి మొదలుపెట్టు."

"విన్నారా! తప్పయింది..."

"తప్పేముంది? గొర్రెలే కదా ఒకదాని వెనక ఒకటి నడిచేది."

ఆమెకు ఏడుపులో నవ్వొచ్చింది. మాట్లాడింది. అమ్మమ్మ గురించి చెప్పింది. చిన్నప్పుడు పక్కింట్లో ఆపిల్ పళ్లు దొంగిలించి, నేరం రాద్కా మీదికి నెట్టడం చెప్పింది. ఇంట్లో ఎవరికీ చెప్పని ప్రేమ సంగతి కూడా చెప్పింది.

"ఊ," అంటున్నాడతను. "ఊ... తర్వాత?"

ఉరుము పక్క శిఖరం మీదే విరిగిపడ్డట్టయింది. ఆమె చేతుల్లో స్పర్శ పోయింది. కాళ్లు లాగేస్తున్నాయి. వదిలేస్తే ఈ నొప్పి ఉండదు కదా అనిపించింది. కానీ పైన ఒకడు వింటున్నాడు. మాట్లాడమన్నాడు.

"ఊ" వినిపించడం మానేసింది. అలసటేమో అనుకుంది. ఆపకుండా చెబుతూనే ఉంది.

రక్షణ దళం తాళ్లతో దిగేసరికి ఆమె గొంతు బొంగురుపోయింది.

ఆమెను పైకి లాగి, పట్టీ విప్పారు. అతని వేళ్లు మాత్రం ఒక్కొక్కటిగా విడదీయాల్సి వచ్చింది.

"ముందు ఆయన్ని చూడండి. పెద్దాయన, తడిసిపోయాడు," అంది బ్లాన్కా.

వాళ్లలో ఒకతను హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"గుండె ఆగి చాలాసేపైనట్టుందమ్మా."

"కాదు. నేను మాట్లాడుతూనే ఉన్నాను."



విడిదిలో పొయ్యి పక్కన కంబళి కప్పి కూర్చోబెట్టారు. రాద్కా ఆమె ఒళ్లో తల పెట్టి ఏడుస్తోంది. విడిది నడిపే యొలానా వేడి టీ తెచ్చింది.

"ఆయనెవరు? కొండలెక్కించే మనిషా?" అడిగింది బ్లాన్కా.

"వెండెలిన్ గురించా?" యొలానా ఆ గోధుమరంగు టోపీని పొయ్యి దగ్గర ఆరబెట్టింది. "ఏటా పెళ్లాంతో వచ్చేవాడు. ఆవిడ కనుమ దాకా వెళ్లొచ్చేది. ఈయన ఇక్కడే కూర్చుని సూప్ తాగుతూ ఎదురుచూసేవాడు. మొన్నటి శీతాకాలంలో ఆవిడ పోయింది. ఆవిడ చూసిన చోటు ఒక్కసారి చూసొస్తానన్నాడు పొద్దున."

"ఎప్పుడూ ఎందుకు వెళ్లలేదు?"

యొలానా ఏప్రన్ అంచుతో మొహం కప్పుకోబోయి, ఆగి, నేల వైపు చూస్తూ అంది.

"మా మేడ మెట్లు కూడా గోడ పట్టుకుని దిగేవాడమ్మా, ఎత్తంటే అంత భయం. నేనే చెప్పాను, కిందికి చూడకు, ముందు పోతున్న ఆ పిల్ల వీపున ఎర్ర సంచి ఉంది, దాన్నే చూస్తూ వెళ్లిపో అని."