వంకరగా వచ్చిన ఫొటో

"అమ్మాయ్, మీ ఆయన్ని ఆ ఫ్యాను కాస్త తగ్గించమను."

మామగారికీ అల్లుడికీ మధ్య దూరం సరిగ్గా నాలుగడుగులు. ఒకే గది, ఎదురెదురు కుర్చీలు. అయినా మాట మాత్రం వంటింటిదాకా వెళ్లి తిరిగి రావలసిందే.

"విన్నారుగా, తగ్గించండి," అంది భార్య వంటింట్లోంచి. "మీ ఇద్దరి మధ్యా కబుర్లు మోయలేక చస్తున్నాను."

అల్లుడు లేచి తగ్గించాడు.

అతనికి కళ్లజోళ్ల షాపుంది. ఊళ్లోవాళ్ల చూపంతా సరిచేస్తాడు గానీ, తను ఫొటో తీస్తే ఎవరిదో ఒకరి తల ఎగిరిపోవలసిందే. రెండేళ్ల క్రితం అత్తగారి పుట్టినరోజున మామగారు నోరు తెరిచి అడిగారు, "మా ఇద్దరికీ ఒక్క ఫొటో తియ్యవయ్యా" అని. తీశాడు. అత్తగారు నిండుగా పడ్డారు. మామగారు మెడదాకా పడ్డారు.

"నా తలకాయ నీకంత బరువైందా?" అన్నారాయన. అల్లుడితో అదే ఆఖరి మాట.

మూడు నెలలకి అత్తగారు పోయారు. ఆ ఫొటో మళ్లీ తీసే వీలు లేకపోయింది. టెలిఫోన్ ఎక్స్చేంజీలో పనిచేసి రిటైరైన మామగారు కూతురింటికి వచ్చేశారు. ఫోన్లో చదరంగం ముందేసుకుని పొద్దు పుచ్చుతారు. మధ్యాహ్నం భోంచేశాక ఓ పెద్ద కునుకు తీస్తారు.

అల్లుడికి ఇంకో పిచ్చి కూడా ఉంది, కంప్యూటర్. అది సవ్యంగా నడుస్తుంటే అతనికి తోచదు. చొక్కా మార్చినట్టు వారానికో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కిస్తాడు. ఎక్కడో చిక్కుకుపోతాడు. అప్పుడు మిడత దగ్గరికి పరిగెడతాడు.

ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్లంతా చేరే ఒక ఇంటర్నెట్ గ్రూపులో మిడత అన్నది ఒక సభ్యుడి మారుపేరు. మనిషెవరో తెలీదు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటిదాకా పలకడు కాబట్టి ఎవరో కుర్ర లెక్చరరనీ, ఆ వేళలో క్లాసులు చెప్పుకుంటాడనీ అల్లుడి లెక్క. తిట్టకుండా సాయం చెయ్యడు.

"ముందు చదువు, తర్వాత నొక్కు. వేలికున్న తొందర బుర్రకి లేదేం?" అని రాస్తాడు.

అయినా ఏడాది తిరిగేసరికి మంచి నేస్తమైపోయాడు. అల్లుడు ఇంటి సంగతులన్నీ అతనితోనే చెప్పుకునేవాడు. "మా మామగారికి ఫ్యాను వేస్తే చలి, ఆపితే ఉక్క" అని ఒకసారి వాపోయాడు.

"పెద్దాయన. సర్దుకుపో" అని వచ్చింది జవాబు.

ఒక ఆదివారం పొద్దున కొంప మునిగింది. కొత్త సిస్టమ్ ఎక్కిస్తూ, ఖాళీది అనుకుని ఫొటోలున్న డిస్కుని తుడిచేశాడు. పెళ్లినాటి నుంచి నిన్నమొన్నటి దాకా అన్నీ అందులోనే. అత్తగారివీ అందులోనే. ఇంకో కాపీ రేపు తీద్దాం, ఎల్లుండి తీద్దాం అంటూ ఏళ్లు గడిపేశాడు.

ఇంట్లో చెప్పే ధైర్యం లేదు. మిడతకి రాశాడు.

"మా అత్తగారి ఫొటోలన్నీ నా చేతులతో నేనే చెరిపేశాను. మామగారికి తెలిస్తే గుండె ఆగిపోతుంది."

జవాబు లేదు. మధ్యాహ్నం లేదు, సాయంత్రమూ లేదు. ఆ రోజు ఇంట్లోనూ ఏదీ కలిసిరాలేదు. కడుపులో బాగాలేదని మామగారు అన్నం మానేశారు. పిల్లలు కూడా గొడవ చెయ్యకుండా మూల కూర్చున్నారు.

సోమవారం పొద్దున్నే మిడత పలికాడు. ఈసారి తిట్లు లేవు.

"డిస్కు మీద ఇంకేమీ రాయకు. కంగారు పడకు. నేను చెప్పినట్టు చెయ్యి."

నాలుగు రోజులు పట్టింది. పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్ని లేపి, పోయినవాటిని వెతికే ప్రోగ్రామ్ నడిపి, దొరికినవాటిని దొరికినట్టు ఇంకో డిస్కులోకి చేర్చాడు. పేర్లు పోయి, ఉత్త అంకెలతో వచ్చాయి ఫొటోలు. పనికిరావని ఎప్పుడో తనే తీసేసినవి కూడా లేచొచ్చాయి.

వాటిలో ఒకటి చూసి అల్లుడు కుర్చీలోంచి లేచాడు. ఆ పుట్టినరోజుదే. వంకరగా వచ్చిందని అప్పటికప్పుడే పారేసింది. మామగారి కాలరు సరిచేస్తూ అత్తగారు ఏదో అంటున్నారు. మామగారు నవ్వు ఆపుకోలేకపోతున్నారు. గోడ వాలింది, బల్ల వాలింది. తలలు మాత్రం రెండూ ఉన్నాయి.

సంగతి మిడతకి రాశాడు.

"ప్రింటు వేయించి మీ మామగారికియ్యి."

"ఆయన నా మొహమే చూడరు."

"నీ మొహం ఎవడిక్కావాలి? ఫొటో చూస్తాడు. వెళ్లి ఇయ్యి."

శనివారం సాయంత్రం, కవరు పట్టుకుని మామగారి ముందు నిలబడ్డాడు.

"మామయ్యగారూ, ఇది మీదే. రెండేళ్ల కిందటే ఇవ్వాల్సింది. తప్పు నాదే."

మామగారు అందుకుని చూశారు. కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ చూశారు. తన గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు.

"ఏమన్నారు?" అని భార్య గుమ్మంలోకొచ్చింది.

"తలుపుతో చెప్పారుగా," అన్నాడు.

ఉసూరుమంటూ కంప్యూటర్ ముందు కూలబడ్డాడు. మిడతకి చెప్పుకుని కాస్త తేలికపడదామని గ్రూపు తెరిచేసరికి, అక్కడ అప్పటికే ఒక మెసేజ్ వచ్చి ఉంది.

"మీ అత్తయ్య చాలా బాగా పడింది అల్లుడూ, ఇంకో కాపీ వేయించు."