అమెరికా పులస

"ఏమండీ, ఇది పులసండీ!" కత్తిపీట ముందు నుంచి శశికళ కేకేసింది.

జగదీష్ పరుగున వంటింట్లోకి వచ్చి నోరు వెళ్ళబెట్టాడు. రాజమండ్రి వదిలిన ఇన్నేళ్ళకి, నార్త్ కరొలినాలో, అదీ పొట్టనిండా గుడ్లతో, జన నిండిన పులస! పక్కింటి ముసలాయన పొద్దున గాలం వేసి పట్టుకొచ్చి ఇచ్చాడు. ముళ్ళెక్కువని వాళ్ళింట్లో ఎవరూ ముట్టరట.

"అచ్చం పులస కాదులే. దాని మేనత్త కూతురై ఉంటుంది."

"ఎవరి కూతురైతేనేం, పులుసులో పడ్డాక పులసే. పాపం, దీనికి పొట్ట కింద ఎడమ రెక్క లేదండీ."

"ఏ తాబేలో కొరికుంటుంది. త్వరగా కానీ, దామోదర్ వచ్చేస్తాడు."

శశికళ మిగతా రెక్కలూ కోసి, సింకులో చెత్తని నుగ్గుచేసే డిస్పోజల్‌లో పడేసి స్విచ్ నొక్కింది.

దామోదర్ అనంతపురం మనిషి. పాడైన నదిని బాగుచేసే ప్రాజెక్టులో సైంటిస్టు. వస్తూనే కుర్చీలో కూలబడ్డాడు.

"షాక్ తిన్నాను జగదీష్! ప్రాజెక్ట్ క్లోజ్ చేస్తారట. రేపే లాస్ట్ మీటింగ్."

శశికళ గుండె కలుక్కుమంది. ఆ నది కోసం పెళ్ళి కూడా వాయిదా వేసుకున్న మనిషాయె. పాత ఆనకట్ట అడ్డమై, గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి ఎదురీదే చేపలు ఆగిపోయాయి. ఉన్న కాసినీ ఫ్యాక్టరీ మురుగుకి చచ్చాయి. దామోదర్ పోట్లాడి మురుగు ఆపించాడు, ఆనకట్ట పక్కన చేపలెక్కే మెట్లు కట్టించాడు, వేల పిల్లల్ని పెంచి నదిలో వదిలాడు. అవి సముద్రంలో పెరిగి తిరిగి రావాలి. ఐదేళ్ళయినా ఒక్కటీ రాలేదు.

"నీళ్ళు తేటపడ్డాయి, తుంగ మొలిచింది, కొంగలు కూడా వచ్చాయి. అవేవీ వాళ్ళకి పట్టవు. మన చేప ఒక్కటి చూపిస్తే చాలు, గ్రాంట్ కంటిన్యూ చేస్తారట. ఒక్కటంటే ఒక్కటి!"

"ముందు తినండి అన్నయ్యగారూ," అంటూ శశికళ కంచం నిండా జన వడ్డించింది.

దిగులుగా మొదలుపెట్టినవాడు కాస్తా మారు వడ్డించుకున్నాడు. "అబ్బ, ఏం చేపమ్మా ఇది! ఇండియా నుంచి తెప్పించారా?"

"పులస! మీ అనంతపురం వాళ్ళకేం తెలుసులే. ఊరూ పేరూ అడక్కుండా తిను," అని జగదీష్ నవ్వాడు.

గిన్నె ఖాళీ అయింది. దామోదర్ ముఖం మళ్ళీ వాడిపోవడం చూసి శశికళకి ఉండబట్టలేదు.

"మీటింగ్ రేపు కదా అన్నయ్యగారూ, తెల్లారగానే అందరం వెళ్ళి గాలాలు వేద్దాం. ఒక్కటి దొరక్కపోతుందా? అది మీరు పెంచిందేనని గుర్తుపట్టేదెలా?"

దామోదర్ వేళ్ళు నాకుతూ చెప్పాడు.

"పిల్లప్పుడే పొట్ట కింద ఎడమ రెక్క కత్తిరించి వదిలానమ్మా."