పెద్ద డబ్బా

ల్యాబ్‌లో స్క్రీన్లన్నీ ఒక్కసారే నల్లబడ్డాయి. కంప్యూటర్ టీచర్ ఫర్హానా హెడ్మాస్టర్ గదికి పరుగెత్తింది. దివాకర్ సారు భుజాన సంచితో తలుపుకు తాళం వేస్తున్నాడు.

"సార్, మళ్ళా కరెంట్ బంద్ చేసిన్రా?"

"ఇంటికి పోతున్న, నా రూముల బంద్ చేసిన. మీ ల్యాబ్ ముట్టలే గదా!"

"ల్యాబ్‌ల ఉన్నయి ఉత్త చిన్న డబ్బాలు సార్. అన్నిటి పని చేసేది మీ రూముల ఉన్న పెద్ద డబ్బానే, అసలు కంప్యూటర్ అదే. పెద్దది పెద్దసారు దగ్గరనే ఉండాలని పట్టుబట్టింది మీరే."

"ఉండాలె మరి!"

"ఉండనీయున్రి. కానీ పిల్లలు పని ముగించి లేచేదాక అది బంద్ కావొద్దు."

సగం గీసిన బొమ్మలు పోయాయని పిల్లలు మొహాలు వేలాడేసుకుని వరండాలోకి వచ్చారు. సారు వాళ్ళను చూశాడు. తాళం తీసి, స్విచ్ వేసి, సంచి మళ్ళీ మేకుకు తగిలించాడు.

"అయితే నాకో చాయ్ చెప్పున్రి, మేడం. నేను, ఈ పెద్ద డబ్బా, పెద్దోళ్ళం ఇద్దరం ఈడనే ఉంటం."