అరగంటకో గీత

"స్నానం మానేశావేమే? జ్వరమా?"

ఆదివారం పొద్దున్న తొమ్మిదికి ఫోనులో అమ్మ గొంతు. పొరుగూళ్లో ఉద్యోగం చేసుకుంటూ ఒక్కర్తే ఉంటున్న కూతురు దుప్పట్లోంచే మూలిగింది.

"మానలేదమ్మా. ఎవరు చెప్పారు నీకు?"

"మీటరు చెప్పింది. పొద్దున్న గీజరు వెయ్యలేదట."

నెల క్రితం ఆ మేడలో అన్ని వాటాలకూ స్మార్ట్ మీటర్లు బిగించారు. ఏ అరగంటలో ఎంత కరెంటు కాలిందో ఫోనులో గీతలు గీసి చూపిస్తాయవి. జనం పొదుపు నేర్చుకుంటారని పెట్టారు పాపం. అమ్మ పోరు పడలేక కూతురు మెట్లకింద మీటరు ఫొటో తీసి పంపింది. అమ్మ ఆ నంబరు ఫోనులో ఎక్కించుకుని, పొదుపు సంగతి వదిలేసి కాపలాకి కూర్చుంది. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. అమ్మకి ఇంకా మొదటి సగమే పూర్తికాలేదు.

"నాలుగింటికే లైటు వేస్తున్నావు. నిద్ర పట్టట్లేదా?"

"నేనా? మూడు అలారాలు మోగితేగానీ లేవను!"

"రోజుకి ఆరుసార్లు నీళ్లు కాస్తున్నావు. గొంతునొప్పేగా?"

"నువ్వు పోలీసుల్లో చేరాల్సిందమ్మా. ఊళ్లో దొంగలు తగ్గేవాళ్లు."

"వెటకారాలు తర్వాత. నిన్న మధ్యాహ్నం నుంచి ఫ్రిజ్ తప్ప ఏదీ నడవలేదు. రాత్రి లైటు కూడా లేదు. ఇప్పుడే చూశాను, నా గుండె ఆగినంత పనైంది. ఎక్కడైనా జారిపడ్డావా? నిజం చెప్పు."

"నిన్నంతా ఏసీ వేసుకుని సినిమాలు చూశాను! నీ మీటరుకి మతి పోయింది."

"అయితే వెళ్లి చూసి చెప్పు. అందాకా ఫోను పెట్టను."

కూతురు చెప్పులీడ్చుకుంటూ మెట్లు దిగింది.

"నీ దగ్గరున్న నంబరు చివర ఎంత?"

"ఏడు."

"నాది ఒకటి. అయ్యో, పక్క మీటరు ఫొటో పంపానే!" కూతురికి నవ్వు ఆగలేదు. "నెలరోజులుగా ఎదుటి వాటా మాష్టారి టీలకి నన్ను సాధించావన్నమాట."

"ఎవరే ఆయన?"

"రిటైరైన పెద్దాయన. ఒక్కరే ఉంటారు."

"ఎవరైతేనేం, నువ్వు క్షేమం. హమ్మయ్య!" నెలలో మొదటిసారి అమ్మ గొంతు తేలికపడింది.

"ఉండు, ఈ జోకు ఆయనక్కూడా చెబుతాను."

కూతురు పైకెక్కి బెల్లు నొక్కింది. నవ్వాపుకుంటూ మళ్లీ నొక్కింది. ఈసారి వేలు తియ్యకుండా నొక్కింది.

తలుపు తెరుచుకోలేదు.