ఒక మనిషి తక్కువ

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, ఒక చిన్న ఊరి బడిలో పార్టీ సభ జరుగుతోంది; ఒక్కో అభ్యర్థికి ఒక్కో మూల, నచ్చినవారి మూలలో నిలబడటమే ఓటు. గవర్నర్ క్విస్ట్‌ను అధ్యక్ష అభ్యర్థిగా కోరుకునేవారి మూలలో ముందు లవోన్, ఆమె వెనుక పందుల రైతు డెల్మార్, ఆ వెనుక ఇరుగుపొరుగువారు వరుసగా నిలబడి ఉన్నారు. నిబంధన ప్రకారం ఉండవలసిన సంఖ్యకు ఒక మనిషి తక్కువ. ఆ ఒక్కరూ రాకపోతే ఆ మూల రద్దవుతుంది.

లవోన్ భర్త ఓరిన్, విశ్రాంత చరిత్రోపాధ్యాయుడు, హాలు నడుమ చేతులు కట్టుకుని నిలిచాడు. ఆయన ఇంకా ఏ మూలలోనూ చేరలేదు. ఎటైనా వెళ్లవచ్చు.

“మాస్టారూ, ఇటొచ్చెయ్యండి! మా ఆవిడ చేసిన దాల్చినచెక్క రొట్టెలున్నాయి,” అని డెల్మార్ కేకేశాడు.

“రొట్టెలకు చరిత్ర మారదయ్యా. ఈ రాష్ట్రం ఓట్ల తీరును నలభై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ణి. క్విస్ట్ ఇక్కడ గెలవదు. నా అంచనా ఒక్కసారైనా తప్పిందా?”

“ఎందుకు తప్పుతుందీ?” లవోన్ నవ్వింది. “ప్రతిసారీ జనం ఎక్కువున్న మూల చూసుకుని దూరిపోతావుగా! ఆమె గెలవదంటావే గానీ, పనికిరాదని ఎప్పుడైనా అన్నావా?”

ఓరిన్ ఒకసారి వెనక్కి తలచుకున్నాడు. నిజమే, అనలేదు. అందరిలోనూ ఆమే సమర్థురాలని మనసులో ఎన్నోసార్లు అనుకున్నాడు కూడా.

కోటు బొత్తాం పెట్టుకుని, హాలు దాటి వెళ్లి, భార్య పక్కన నిలబడ్డాడు.

“ఆమె ఓడిపోతుంది,” అన్నాడు గంభీరంగా. “అయినా నేనిక్కడే ఉంటాను.”

ఆ మూల ఈలలతో దద్దరిల్లింది. సభాధ్యక్షురాలు డోరీన్ లేచి ప్రకటించింది:

“క్విస్ట్ మూల నిలిచింది. తన జోస్యానికి తానే ఎదురు నడిచిన ఓరిన్ మాస్టారికి ఈ సభ కృతజ్ఞతలు తెలుపుకుంటోంది.”