కొంగ వేసిన దారి

అడవిలో నీళ్లకు వెళ్లే దారి ఇరుకై, పొద్దున్నే ఏనుగులూ దున్నలూ తోసుకునేవి. దాన్ని బాగుచేసే పని కొంగకు అప్పగించారు. కొంగ పైనుంచి ఒక చుట్టు తిరిగి చూసి, "రెండు పక్కలా చెట్లూ పొదలూ కొట్టేస్తే సరి" అంది.

ఆ మాట తాబేలు వింది. గుడ్లు పెట్టాలంటే అది ఆ దారి దాటి ఇసుకలోకి చేరాలి. పొద పొదకీ ఆగుతూ దాటడమే దానికి తెలుసు.

"కొంగ బావా, ఆ దారిన నువ్వెప్పుడైనా నడిచావా?"

"రెక్కలున్నవాళ్లకి నడకెందుకు? నీ ఒక్కదాని కోసం ఏనుగులు ఆగాలా?"

ఒక్క కానుగ చెట్టు తప్ప అన్నీ పోయాయి. వారం తిరిగేసరికి నేల పెనంలా కాలింది. ఓ ఏనుగుపిల్ల ఆ కానుగ నీడలో కూలబడి కదలనంది. తల్లి ఆగింది. వెనక మందంతా ఆగిపోయింది.

తాబేలు ఆగిన ఏనుగుల కాళ్ల మధ్య నుంచి దాటసాగింది.

"ఆ చెట్టే అడ్డం, దాన్నీ పీకెయ్యండి" అని కొంగ పైనుంచి అరిచింది.

తల్లి ఏనుగు తలెత్తలేదు. "నిదానంగా దాటు, పిన్నీ. గుడ్లు పెట్టి వచ్చాక మొక్కలు ఎక్కడెక్కడ నాటాలో చెప్పు. నా పిల్లకెంత నీడ కావాలో నాకు తెలుసు. నువ్వు ఆగకుండా ఎంత దూరం నడవగలవో నాకు తెలీదు" అంది.