మేక మేసిన మళ్ళు

పెద్దసారు చేత ముక్కు నేలకు రాయించడానికి ఆమెకు నాలుగేళ్ళు, మూడు తరాల గడ్డి, ఒక పొగరుబోతు మేక కావలసి వచ్చాయి.

ఆ రోజు రానే వచ్చింది. గడ్డి పరిశోధన సంస్థ మీటింగ్ హాలు కిటకిటలాడుతోంది. ముందు వరుసలో పెద్దసారు, అంటే డైరెక్టరు, కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఆమె వేదిక పక్కనుంచి ఆయన్నే చూస్తోంది. తుడుచుకో నాయనా, బాగా తుడుచుకో, ఇవాళ నీకు అన్నీ స్పష్టంగా కనబడాలి, అనుకుంది.

ఇరవై ఎనిమిదేళ్ళ కిందట ఇదే సంస్థలో వాళ్ళమ్మ అసిస్టెంటు. గడ్డి మళ్ళలోకి రోజూ మేకను తోలి మేపడం, ఆ గడ్డి విత్తనాలు మళ్ళీ చల్లడం, మొలిచినవాటిని కొలిచి రాయడం ఆవిడ పని. మేక మొహమే ఎరగని పిల్లమొక్కలు కూడా నేలకు అణిగి, కురచగా పెరుగుతున్నాయని ఆవిడ నోటుబుక్కులో రాసింది. తల్లిగడ్డి తిన్న దెబ్బ పిల్లగడ్డికి గుర్తుంటోందన్నమాట. చిన్న సంగతా అది!

పెద్దసారు మళ్ళ చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. "మేక తిరిగిన చోట ఒక్క పెంటికైనా ఉండదా? ఇవి కొలిచిన అంకెలు కావు, కట్టుకథలు!" అని నలుగురిలో నోటుబుక్కు విసిరికొట్టాడు. ఆ సాయంత్రానికల్లా ఉద్యోగం పీకేశాడు. పెంటికలు లెక్కపెట్టి మనిషి నీతిని తేల్చేసిన మహానుభావుడు! శుభ్రం ఉన్న మనిషి, ఊడ్చేసి ఉంటుందని తట్టలేదు ఆ బుర్రకి.

ఇదంతా ఆమెకు చెప్పింది పిన్ని. అమ్మ ఏనాడూ నోరు విప్పలేదు. ఇస్త్రీ కొట్టు పెట్టుకుని, కాళ్ళు వాచిపోతున్నా రోజంతా నిలబడి, ఊళ్ళోవాళ్ళ చొక్కాల మడతలు సరిచేస్తూ కూతుర్ని చదివించింది. ఎప్పుడు కదిపినా ఒకటే మాట.

"పోనీవే. పాపం, ఆయన్నేమీ అనకు."

ఇంత మంచి మనిషిని దొంగను చేశాడే అని ఆమెకు ఇంకా మండుకొచ్చేది.

అందుకే పట్టుబట్టి చదివి, అదే సంస్థలో చేరింది. తను ఎవరి కూతురో అక్కడ ఎవరికీ చెప్పలేదు. అమ్మతోనేమో వేరేచోట ఉద్యోగమని అబద్ధమాడింది. ఆ పాత ప్రయోగాన్నే మళ్ళీ మొదలుపెట్టింది. కొన్ని మళ్ళు మేకకు, కొన్ని కత్తెరకు, కొన్నింటి జోలికి ఎవరూ పోకూడదు. మేకకు దొరసాని అని పేరు పెట్టింది. ఆ దొరసాని గడ్డి కన్నా ఆమె చొక్కా అంచులే ఎక్కువ మేసింది. అయినా ఓర్చుకుంది. పడిన ప్రతి పెంటికకూ ఫొటో తీసి, తేదీ వేసి మరీ దాచింది. కసి అంటే అదీ!

ఇప్పుడు వేదికెక్కి, గొంతు సవరించుకుంది.

"అప్పట్లో కొలబద్ద ఒక్కటే ఉండేది. ఇప్పుడు జన్యువుల్ని చదివే యంత్రాలున్నాయి. చూడండి. కత్తెరతో కోసిన గడ్డిలో ఈ జన్యువులు నిద్రపోతూనే ఉన్నాయి. మేక కొరికి, దాని చొంగ తగిలిన గడ్డిలో లేచి కూర్చున్నాయి. ఆ గడ్డి పిల్లల్లో, మనవల్లో కూడా ఇంకా మెలకువగానే ఉన్నాయి. అందుకే అవి కురచగా, నేలకు అణిగి పెరుగుతున్నాయి."

హాలంతా చప్పట్లు. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"ఈ మాట ఇరవై ఎనిమిదేళ్ళ కిందటే ఒకావిడ ఇక్కడ చెప్పింది. మీరు కట్టుకథ అని గెంటేశారు సార్. నేను ఆవిడ కూతుర్ని."

పెద్దసారు వాదనకు దిగుతాడని అందరూ అనుకున్నారు. దిగితే బాగుండునని ఆమె కూడా అనుకుంది, ఇంకో నాలుగు మాటలు దాచిపెట్టుకుని ఉంది మరి. ఆయన మాత్రం ముందున్న బల్ల పట్టుకుని మెల్లగా లేచాడు.

"నిజాయితీ గల మనిషి బతుకు పాడుచేశానమ్మా. ఈ కుర్చీలో కూర్చునే అర్హత నాకు లేదు."

అందరూ చూస్తుండగానే రాజీనామా రాసి, సంతకం పెట్టేశాడు. ముప్ఫై ఏళ్ళుగా జేబులో ఉన్న ఆఫీసు తాళాలు తీసి దాని మీద పెట్టాడు.

"అమ్మగారు ఎక్కడుంటారు? రేపు వచ్చి క్షమాపణ అడుగుతాను."

ఆమె ప్రాణం చల్లబడింది. కొట్టు అడ్రసు పెద్ద పెద్ద అక్షరాలతో రాసిచ్చి, బస్సు కోసం కూడా ఆగకుండా పరుగులాంటి నడకతో అమ్మ దగ్గరికి వచ్చిపడింది.

"అమ్మా! నాలుగేళ్ళుగా నీ పాత ఆఫీసులోనే పనిచేస్తున్నాను. నీ ప్రయోగం మళ్ళీ చేశాను. నువ్వు రాసిందే నిజమని తేలిపోయింది! ముసలాడు కుర్చీ దిగిపోయాడు. రేపు నీ కొట్టు ముందు చేతులు కట్టుకుని నిలబడతాడు!"

అమ్మ చేతిలోని ఇస్త్రీపెట్టె చొక్కా మీదే ఆగిపోయింది. కమురు వాసన వచ్చాక కూతురే తీసి పక్కన పెట్టింది.

"ఆయన... నిజంగా ఉద్యోగం వదిలేశాడా?"

"వదలక ఏం చేస్తాడు? ఊరుకో అమ్మా, నువ్వేడుస్తావెందుకు? ఇక ఏడవాల్సింది వాడు."

అమ్మ అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడి, కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆ మళ్ళలోకి నేను మేకను ఒక్కరోజు కూడా తోలలేదే తల్లీ, పసిగుడ్డువి నువ్వు ఆస్పత్రిలో పడి ఉంటే ఆ అంకెలన్నీ నీ మంచం పక్కన కూర్చుని కల్పించి రాశాను."